స్టీరింగు లేని సీటు

డ్రైవింగ్ స్కూలు షట్టరు ఇంకా సగమే పైకి లేచి ఉంది. లోపల డ్రైవరమ్మ నేల తుడిచి తడిగుడ్డ పిండుతూ ఉండగా, షట్టరు కిందనుంచి రెండు కాళ్ళు కనిపించాయి. ఆ వెంటనే నడుము వంచుకుని, మూలుగుతూ, మనిషి మొత్తం లోపలికి వచ్చింది. చూస్తే మేనత్త.

"ఏమే, దుకాణం తెరిచినట్టా, మూసినట్టా?"

డ్రైవరమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. స్కూలు పెట్టి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో అత్తయ్య ఈ గడప తొక్కింది లేదు. ఎదురు వీధిలో కూరగాయలు కొనుక్కుని అటునుంచి అటే పోయేది తప్ప, ఇటు తొంగి చూసేది కాదు.

"రా అత్తయ్యా, కూర్చో. మామయ్య బాగున్నారా?"

"ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు." అత్తయ్య కుర్చీలో కూర్చుని నాలుగు గోడలూ కలియజూసింది. గోడ మీద రోడ్డు గుర్తుల పటం, బల్ల మీద పిల్లలకు చూపించడానికి పెట్టిన అరిగిపోయిన క్లచ్ ప్లేటు, కిటికీ అవతల రెండు కార్లు. ఒకటి తెల్లది, రెండోది ఒకప్పుడు తెల్లది. అన్నీ చూసి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, "నాకు బండి నేర్పు" అంది.

"ఏ బండి?"

"ఎడ్లబండి! ఏ బండేమిటే, కారు. నువ్వు నేర్పేది అదే కదా?"

అత్తయ్యకు అరవై రెండేళ్ళు. రోడ్డు దాటాలన్నా రెండు పక్కలా నాలుగేసి సార్లు చూసి, ఆఖరికి పక్కవాళ్ళ మోచెయ్యి పట్టుకుని దాటే మనిషి. నలభై ఏళ్ళుగా మామయ్య నడిపే కారులో పక్కన కూర్చుని వెళ్ళడమే తప్ప, ఇంజను ముందుంటుందో వెనకుంటుందో కూడా పట్టించుకోలేదు.

"మామయ్యకు చెప్పావా?"

"చెబితే నేర్చుకోనిస్తారా? ఆయన కళ్ళు సరిగా లేవే. డాక్టరు దగ్గరికి వెళదామంటే వినరు. పోయిన నెల కారు తీసుకెళ్ళి గేటు స్తంభానికి గుద్దారు. ఇదేమిటండీ అంటే, స్తంభమే ముందుకొచ్చిందన్నారు. ముప్పయ్యేళ్ళుగా కదలని స్తంభం, పాపం, ఆ రోజే లేచి వచ్చింది మరి!"

డ్రైవరమ్మకు నవ్వొచ్చింది. కానీ అత్తయ్య నవ్వలేదు. సంచి పిడిని మెలి తిప్పుతూ, "ఆయన చేతిలోంచి ఆ తాళాలు తీసుకోవాలంటే, ముందు నాకు నడపడం రావాలి కదా" అంది.

డ్రైవరమ్మ సొరుగు లాగి దరఖాస్తు కాగితం తీసింది.

*

డ్రైవరమ్మ అనేది ఆమె అసలు పేరు కాదు. ఆ పేరు పెట్టింది ఈ అత్తయ్యే. ఎప్పటి మాటో.

తొమ్మిదేళ్ళ వయసులో ఒక ఆదివారం ఇంటినిండా చుట్టాలు. ముందుగదిలో కుర్చీలు చాలక సగం మంది నేల మీదే. వాళ్ళలో ఒక పెద్దాయన పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, పెద్దయ్యాక ఏమవుతారర్రా అని అడగడం మొదలుపెట్టాడు. అన్న డాక్టరవుతానన్నాడు. చప్పట్లు. పిన్ని కొడుకు ఇంజనీరవుతానన్నాడు. చప్పట్లు. ఈ పిల్ల వంతు వచ్చింది. అందరికీ కనబడాలని కుర్చీ ఎక్కి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, "నేను బస్సు డ్రైవర్ని అవుతా" అంది.

చప్పట్లు లేవు. వెనకనుంచి అత్తయ్య గొంతు ఖంగుమంది. "ముందు ఆ ముక్కు తుడుచుకోవే డ్రైవరమ్మా! బస్సు సంగతి తర్వాత చూద్దువుగాని."

గది పగలబడి నవ్వింది. పిల్ల మోచేత్తో ముక్కు తుడుచుకుని కుర్చీ దిగింది.

డాక్టరవుతానన్న అన్న ఇప్పుడు గచ్చు పలకలు అమ్ముతాడు. అతన్ని ఎవరూ డాక్టరుగారూ అని వెక్కిరించరు. కానీ ఈమెకు మాత్రం ఆ పేరు అంటుకుపోయింది. బడిలో, పెళ్ళిళ్ళలో, ఉత్తరాల్లో, చివరికి కన్నతల్లి నోట్లో కూడా డ్రైవరమ్మే.

అంతకుముందు రెండు మూడేళ్ళు ఆ ఇంట్లో మేడ మెట్ల మీద రోజూ బస్సు నడిచేది. కిందనుంచి మూడో మెట్టు డ్రైవరు సీటు. వంటింట్లోని పెద్ద గిన్నె మూత స్టీరింగు. ఆ పై మెట్ల మీద దిండ్లు, బొమ్మలు, ఒక్కోసారి నాయనమ్మ, దొరికినవాళ్ళందరూ ప్రయాణికులే. ఆ ఆదివారం తర్వాత మూత మళ్ళీ గిన్నె మీదకు వెళ్ళిపోయింది. ఏమే, బస్సు నడపట్లేదా అని నాయనమ్మ అడిగితే, "టైరు పంచరైంది" అందట పిల్ల.

తర్వాత చదువు, వేరే ఊళ్ళో టైర్ల కంపెనీ ఆఫీసులో ఆరేళ్ళ ఉద్యోగం, అది మానేసి తిరిగి రావడం, ఒక డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పనికి చేరడం, చివరికి సొంతంగా ఇది పెట్టుకోవడం. ఇంటిల్లిపాదీ దీన్ని ఒకే కథగా చెప్పుకునేవారు. "పాపం, చిన్నప్పుడు బస్సు డ్రైవరవుదామనుకుంది. అందరూ నవ్వేసరికి ఆశ చంపుకుంది. ఆఖరికి ఇలా కార్లతో సరిపెట్టుకుంది." డ్రైవరమ్మ ఎన్నడూ కాదనలేదు. నలభై ఒకటో ఏట కూడా, అత్తయ్య కనబడితే, కడుపులో ఒక మూల ఆ తొమ్మిదేళ్ళ పిల్ల ముక్కు తుడుచుకుంటూనే ఉండేది.

పైగా ఆమె పని అలాంటిది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు కూర్చుంటారు. నేర్పే మనిషి పక్క సీట్లో. ఆ పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, ఒక క్లచ్ మాత్రం ఉంటాయి. రోజుకు పది గంటలు, స్టీరింగు లేని సీట్లోనే బతుకు.

*

అత్తయ్య పాఠాలు మర్నాడు మొదలయ్యాయి. రోజూ పదకొండింటికి. ఆ వేళకు మామయ్య పేపరు చదివి కునుకు తీస్తాడు. ఎక్కడికని అడిగితే మోకాళ్ళ నొప్పులకు కసరత్తు నేర్పుతున్నారని చెప్పేదట.

ఊరి చివర పాడుబడ్డ గోదాముల ఆవరణ ఒకటుంది. కొత్తవాళ్ళను డ్రైవరమ్మ అక్కడికే తీసుకెళుతుంది. గుద్దుకోవడానికి అక్కడ గోడలు తప్ప ఏమీ ఉండవు.

అత్తయ్య స్టీరింగును పట్టుకుంటే, వదిలితే అదెక్కడ పారిపోతుందో అన్నట్టు పట్టుకునేది. గేరు మార్చాలంటే రోడ్డు మానేసి గేరు వంక చూసేది. కారు కదలకపోతే బతిమాలేది, కదిలితే తిట్టేది. హారన్ కొట్టడానికి మాత్రం మొహమాటం. ఎదురుగా కుక్క పడుకుని ఉంటే అద్దం దించి, "కాస్త లేమ్మా" అని చెప్పేది.

"అత్తయ్యా, కుక్కకు మాటలు రావు. హారన్ కొట్టు."

"నిద్రలో ఉన్నదాన్ని ఉలిక్కిపడేలా చేస్తే పాపం తగులుతుందే."

అన్నిటికన్నా కష్టం క్లచ్. అత్తయ్య దాన్ని ఒక్కసారిగా వదిలేది. కారు మేకపిల్లలా ఎగిరి, దగ్గి, చచ్చి ఊరుకునేది. మొదటి వారంలో అలా ఎన్నిసార్లు ఆగిందో లెక్కే లేదు. ఎనిమిదో రోజున డ్రైవరమ్మకు ఓపిక అడుగంటింది. అయినా గొంతు పెంచకుండా, తను అందరికీ చెప్పే మాటే చెప్పింది.

"ఇలా చూడు. చంటిపిల్లను పక్కన పడుకోబెట్టుకున్నావు. పిల్ల నిద్రపోయింది. నీ చెయ్యి దాని తల కింద ఉండిపోయింది. లేవకుండా ఎలా తీస్తావు? అంత నెమ్మదిగా వదులు."

అత్తయ్య ముందుకే చూస్తూ కాసేపు కూర్చుంది. తర్వాత పాదం పైకి తీసింది. కారు చిన్న కుదుపైనా లేకుండా, నీళ్ళ మీద పడవలా కదిలింది. ఆవరణంతా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టూ తిరిగింది. డ్రైవరమ్మ తన కాళ్ళు బ్రేకు మీదనుంచి తీసి పక్కన పెట్టేసుకుంది.

శభాష్ అందామని తిరిగి చూస్తే, అత్తయ్య చెంపలు తడిసి ఉన్నాయి.

అప్పుడు తట్టింది, ఎవరితో ఏ మాట అన్నదో. అత్తయ్యకు పిల్లల్లేరు. నాలుక కరుచుకుంది. కానీ అన్న మాటను వెనక్కి తీసే గేరు ఏ బండిలోనూ ఉండదు.

"అత్తయ్యా, నేను... అందరికీ అలాగే చెబుతాను. ఆలోచించలేదు."

"ఆపనా?" అంది అత్తయ్య.

"ఆపు."

మూడో గోదాము నీడలో కారు సాఫీగా ఆగింది. అంతలో వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు రేకుల కప్పు మీద దడదడమంటున్నాయి.

"నీకు మేడ మెట్ల మీద బస్సు గుర్తుందా?" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

ఈ మాట ఎప్పుడైనా వస్తే ఏమనాలో డ్రైవరమ్మ ముప్పయ్యేళ్ళుగా తయారుచేసి పెట్టుకుంది. ముందు వాక్యం, వెనక వాక్యం, ఎక్కడ గొంతు పెంచాలి, ఎక్కడ ఆపాలి, అన్నీ. "గుర్తులేకేం" అంది.

"అప్పుడు నీకు ఏడేళ్ళు. నాకు ఐదో నెలలో పోయింది. ఆస్పత్రి నుంచి తిన్నగా మీ ఇంటికే తీసుకొచ్చారు. ఇంట్లో ఎవరూ నా మొహంలోకి చూసేవాళ్ళు కాదు. మీ అమ్మ పాలు తెచ్చి పెట్టేది, పిల్లిలా వెళ్ళిపోయేది. మీ మామయ్య ఆవరణలో అటూ ఇటూ నడిచేవారు. నేను పోయి మెట్ల మీద కూర్చున్నా. నువ్వు మూత పట్టుకుని వచ్చావు. వచ్చి, 'జరగండీ, ఇది డ్రైవరు సీటు' అన్నావు. పై మెట్టు మీదకు జరిగా. 'ఎక్కడికి?' అన్నావు. 'ఎక్కడికో అక్కడికి పోనియ్' అన్నా. ఎందుకు, ఏమిటి అనలేదు నువ్వు. పోనిచ్చావు."

డ్రైవరమ్మ తన పక్క కిటికీ అద్దం ఎక్కించింది.

"కాసేపటికొకసారి ఆపి, ఇదుగో నది, ఇదుగో కొండ అని చూపించేదానివి. 'ఇక్కడ దిగుతారా?' అనేదానివి. వద్దనేదాన్ని. 'సరే అయితే కూర్చోండి' అని మళ్ళీ బుర్రుమనిపించేదానివి. మీ అమ్మ అన్నానికి పిలిచినా దిగలేదు. దార్లో నాకు ఆకలేస్తుందేమోనని జేబులోంచి ఒక బిస్కెట్టు తీసి ఇచ్చావు, సగం కొరికింది. దీపాలు పెట్టేదాకా తిప్పావే నన్ను. ఆ వారం మొత్తంలో నేను నోరు తెరిచి మాట్లాడింది నీ బస్సులోనే."

"నాకు గుర్తులేదు అత్తయ్యా" అంది డ్రైవరమ్మ మెల్లగా. "ఒక్క ముక్క కూడా గుర్తులేదు."

"నీకెలా ఉంటుంది? నీకది రోజూ ఉండే పనే కదా."

వాన జోరందుకుంది. ముప్పయ్యేళ్ళుగా దాచుకున్న వాక్యాలన్నీ తడిసిన కాగితాల్లా అంటుకుపోయాయి. వాటిలోంచి ఒక్కటే, అదీ సగమే, బయటికి వచ్చింది.

"మరి నాకు తొమ్మిదేళ్ళప్పుడు అందరి ముందూ నవ్వావుగా. ముక్కు తుడుచుకోవే డ్రైవరమ్మా అని."

"నేనా?"

"నువ్వే."

"అందరి ముందా?"

"అందరి ముందే. నేను కుర్చీ మీద నిలబడి ఉన్నాను."

అత్తయ్య చాలాసేపు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. చివరికి తల అడ్డంగా ఊపింది. "గుర్తులేదే. కానీ అనే ఉంటాను. ఆ మాట నా నోటి తీరులాగే ఉంది." కాసేపాగి, "ఆ తర్వాత నువ్వు బస్సు నడపడం మానేశావు. ఎందుకు మానేసిందో పిల్ల అనుకునేదాన్ని. మీ ఇంటికొచ్చినప్పుడల్లా మెట్లు దిగుతూ ఎక్కుతూ చూసేదాన్ని. నా వల్లేనన్నమాట" అంది. స్టీరింగు మీది చేతులు ఒళ్ళోకి జారిపోయాయి. మనిషి ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కనిపించింది.

అది చూశాక డ్రైవరమ్మ వల్ల కాలేదు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అది ఇప్పుడు చెప్పకపోతే అన్యాయం.

"లేదు అత్తయ్యా. నేను బస్సు నడిపాను."

"ఎక్కడ?"

"టైర్ల కంపెనీలో ఉన్నప్పుడు. అక్కడ నాలుగేళ్ళే చేశాను, ఆరు కాదు. ఆ తర్వాత పెద్ద బండి లైసెన్సు తీసుకుని, బస్సు ఉద్యోగంలో చేరాను. పద్నాలుగు నెలలు నడిపాను. ఇంట్లో చెప్పలేదు. ఒకరోజు బస్సు తెచ్చి సరిగ్గా మీ ఇంటి ముందు ఆపి, హారన్ కొట్టి, నిన్ను బయటికి పిలుద్దామని."

అత్తయ్య నోరు తెరిచింది. "మరి రాలేదేమే?"

"నాకు నచ్చలేదు."

ఆ రెండు మాటలూ అనడానికి ఆమెకు పదిహేనేళ్ళు పట్టింది. అన్నాక మిగతాదంతా గబగబా వచ్చేసింది. బస్సు బాగానే నడిపేది. ఒక్క గీతా పడనివ్వలేదు. కానీ డ్రైవరు వెనక ఒక అద్దం పలక, దాని మీద ఎర్ర అక్షరాలతో "డ్రైవరుతో మాట్లాడరాదు" అని రాసి ఉండేది. ఎక్కేవాళ్ళు ఆమె వీపు వెనకే ఎక్కేవారు, వీపు వెనకే దిగేవారు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో తెలిసేది కాదు. పొద్దున ఆరునుంచి రోడ్డు, రోడ్డు, రోడ్డు. ఒక నెలాఖరున బస్సు డిపోలో పెట్టి, తాళం ఇచ్చేసి, బయటికొచ్చి, కాలువ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. చిన్నప్పటినుంచి కోరుకున్నది చేతికొచ్చాక, అది తనకు అక్కర్లేదని తెలియడం ఎవరికని చెప్పుకుంటుంది?

"నవ్వారు కాబట్టి మానేశానని అందరూ అనుకుంటుంటే, అదే బాగుందనిపించింది. ఇష్టం లేక మానేశానని చెప్పుకోవడం కన్నా అది తేలిక. తప్పు నీ మీదకు పోయేది."

అత్తయ్య కళ్ళు చిట్లించి చూసింది. తర్వాత చేతిసంచితో మేనకోడలి భుజం మీద ఒక్కటి వేసింది.

"ఎంత గుండె తీసిన బంటువే నువ్వు! ఇన్నేళ్ళూ నిందంతా నా నెత్తిన పెట్టి హాయిగా తిరిగావన్నమాట. పెళ్ళిళ్ళకొస్తే నన్ను చూసి మొహం అటు తిప్పుకునేదానివి కూడానూ!"

"తిప్పుకునేదాన్నే."

"ఒకటి నేనన్నా, ఒకటి నువ్వు చేశావు. చెల్లుకు చెల్లు." అత్తయ్య కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచింది. "అయినా దానికంత ఏడుపెందుకే? మెట్ల మీద నువ్వు స్టీరింగు తిప్పింది తక్కువ. వెనక్కి తిరిగి మాతో వాగిందే ఎక్కువ. నిజం బస్సులో వెనక్కి తిరిగితే చస్తారు కదా."

డ్రైవరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. తను పదిహేనేళ్ళుగా విప్పుకోలేని ముడిని, క్లచ్ కూడా సరిగ్గా వదలడం రాని మనిషి ఇంత సులువుగా విప్పేసింది.

"వాన తగ్గింది" అంది అత్తయ్య. "ఇంకో చుట్టు తిప్పనా?"

*

మొదటి పరీక్షలో అత్తయ్య తప్పింది. ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ కదిలించమంటే, అది వెనక్కి జారింది. పరీక్షాధికారి గట్టిగా అరిచాడు. "నువ్వు అరవకపోతే ఆపేదాన్ని నాయనా, అరుపు వినేసరికి కాళ్ళు రెండూ పైకి వచ్చేశాయి" అందట ఈవిడ. మళ్ళీ మూడు వారాల తర్వాత రమ్మన్నారు.

ఆ మూడు వారాల మధ్యలోనే అది జరిగింది.

ఒక సాయంత్రం నాలుగు గంటలకు డ్రైవరమ్మకు ఫోను వచ్చింది. అత్తయ్య గొంతు. "పాల కేంద్రం మలుపు దగ్గరున్నాం. నువ్వు ఉన్నపళంగా రా. దెబ్బలేం లేవు. రా."

డ్రైవరమ్మ ఆటోలో వెళ్ళేసరికి మామయ్య కారు రోడ్డు పక్కన వంకరగా ఆగి ఉంది. కొంచెం అవతల ఒక సైకిలు మనిషి పడిపోయిన తన మందార మొక్కల కుండీని ఎత్తి చూసుకుంటున్నాడు. కుండీ పగిలింది. మనిషికి ఏమీ కాలేదు. అత్తయ్య అతని పక్కన వంగి ఏదో చెబుతోంది.

మామయ్య స్టీరింగు ముందే కూర్చుని ఉన్నాడు. ముప్పయ్యయిదేళ్ళు భూములు కొలిచిన సర్వేయరు. తాడు వెయ్యకుండానే, నిలబడి చూసి, ఈ గోడ నలభై రెండు అడుగులుందని చెప్పేవాడు. టేపు వేసి చూస్తే బెత్తెడు కూడా తేడా వచ్చేది కాదు. ఆ కళ్ళంటే ఆయనకు అంత గర్వం.

"మామయ్యా" అంది డ్రైవరమ్మ కిటికీ దగ్గర వంగి.

ఆయన తల తిప్పలేదు. "ఆ మనిషి నాకు కనబడలేదమ్మా" అన్నాడు. "పొరపాటున చూడకపోవడం కాదు. నేను రోడ్డు మీదే చూపు పెట్టాను. అక్కడ ఎవరూ లేరు."

ఆయనే తాళం చెవి తీసి, కిటికీలోంచి ఆమె చేతిలో పెట్టబోయాడు. అప్పుడు డ్రైవరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకు కాదు మామయ్యా. అత్తయ్యకు ఇవ్వండి."

"దానికెందుకు?"

వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఏమండీ, వెనక సీట్లోకి మారండి. ఇల్లు చేరాలి."

మామయ్య భార్య వంక, మేనకోడలి వంక మార్చి మార్చి చూశాడు. "మోకాళ్ళ కసరత్తు" అన్నాడు చివరికి.

"అదే" అంది అత్తయ్య.

ఆయన దిగి వెనక కూర్చున్నాడు. అత్తయ్య సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది. లెర్నింగ్ లైసెన్సు ఉంది కాబట్టి, పక్కన డ్రైవరమ్మ కూర్చుంటే నడపవచ్చు. అయితే ఇది స్కూలు కారు కాదు. పక్క సీటు ముందు బ్రేకు లేదు. మొదటి మలుపు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరమ్మ కుడికాలు తనకు తెలియకుండానే నేలను తొక్కింది. అక్కడ రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె అచ్చంగా ప్రయాణికురాలైంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అత్తయ్య నడిపింది. మలుపు దగ్గర నెమ్మది చేసింది, గేరు వంక చూడకుండానే మార్చింది. కూరగాయల వీధిలో అడ్డంగా నిలబడ్డ ముగ్గురికి హారన్ కూడా కొట్టింది. పోస్టాఫీసు దాటాక మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఇక మొదలెడతారు అనుకుంది డ్రైవరమ్మ.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడాయన.

"మీరు కునుకు తీసినప్పుడల్లా."

"బాగా నడుపుతున్నావోయ్" అన్నాడు. కాసేపటికి, ఎవరితోనూ కానట్టు, "నాతో చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

"చెబితే ఏమనేవారు?"

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. "నవ్వేవాణ్ణి" అన్నాడు.

అత్తయ్య అద్దంలోంచి ఆయన్నీ, ఓరగా డ్రైవరమ్మనూ చూసింది. ఇల్లు వచ్చింది. గేటు స్తంభానికి జానెడు దూరంలోంచి కారు లోపలికి పోయింది. స్తంభం మాత్రం ఆ రోజు ఎక్కడిది అక్కడే ఉంది.

*

మర్నాడే మామయ్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎదురుగా ఉన్నది ఆయనకు చీమ తలకాయ దాకా కనబడుతుంది, పక్కలే పోయాయన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది పోకుండా రోజూ చుక్కల మందు వెయ్యాలి. ఆయన నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున్నే కారు కడిగి, తుడిచి, పక్క సీట్లో కూర్చుని, "ఏమోయ్, మార్కెట్టుకు పోవా?" అని కేకేశాడు.

రెండోసారి పరీక్షలో అత్తయ్య గట్టెక్కింది. ఈసారి ఎత్తు మీద బండి అంగుళం కూడా జారలేదు. లైసెన్సు చేతికొచ్చిన రోజున తనే నడుపుకుంటూ స్కూలుకు వచ్చి, రెండు కార్లు పట్టే చోట ఒక్క కారు అడ్డంగా పెట్టి దిగింది. డ్రైవరమ్మ చూసింది. ఒక్కరోజుకు పోనీలే అనుకుంది.

ఇక బస్సు సంగతి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అత్తయ్య పెదవి అయితే చెప్పనే అక్కర్లేదు. వారం తిరక్కుండా చుట్టపక్కాలందరికీ తెలిసిపోయింది. అమ్మ ఫోను చేసి, "పద్నాలుగు నెలలు బస్సు నడిపి నాకొక్క మాట చెప్పలేదటే" అని దెబ్బలాడి, ఏడ్చి, ఆఖరికి ఫొటో ఏదైనా ఉందా అని అడిగింది. ఒకటుంది. బస్సు ముందు నీలం చొక్కా వేసుకుని నిలబడ్డది. డ్రైవరమ్మ దాన్ని వెతికి పంపించింది. పంపించాక తనూ కాసేపు చూసుకుంది. ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల మీద మొదటిసారి ఆమెకు జాలి కాదు, ముద్దొచ్చింది.

ఆ తర్వాత నెల్లాళ్ళకు అత్తయ్య తన వీధిలోని ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఒకావిడ కుట్టుపని చేస్తుంది, ఒకావిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది, మూడో ఆవిడకు అరవై ఏడేళ్ళు. "వీళ్ళకూ నేర్పు. మంగళవారాలు ఖాళీ పెట్టు" అని ఆర్డరు వేసింది. మంగళవారాలు ఖాళీ అయ్యాయి.

మొదటి మంగళవారం స్టీరింగు ముందు రిటైరైన టీచరుగారు కూర్చున్నారు. వద్దన్నా వినకుండా అత్తయ్య వెనక సీట్లో ఎక్కింది. ఆవరణలో కారు సగం చుట్టు తిరిగేలోపే మొదలుపెట్టింది.

"క్లచ్చు టీచరుగారూ, క్లచ్చు! అయ్యో, అంత గట్టిగా కాదు. అటు కాదండీ, ఇటు. చూశారా, ఆగిపోయింది. నేను చెబుతూనే ఉన్నాను."

డ్రైవరమ్మ వెనక్కి తిరిగింది. "అత్తయ్యా, దిగు."

"నేనేమన్నానే?"

"దిగి ఆ అరుగు మీద కూర్చో. పాఠం అయ్యాక పిలుస్తాను."

"మంచికి పోతే ఇలాగే ఉంటుంది" అని సణుగుతూ అత్తయ్య దిగి, గోదాము అరుగు మీద కూర్చుని, సంచిలోంచి వేరుశనగలు తీసింది. డ్రైవరమ్మ మళ్ళీ ముందుకు తిరిగింది.

"ఆగిపోయిందని కంగారు పడకండి. అందరికీ ఆగుతుంది. ఇంతకీ మీరు కారు ఎందుకు నేర్చుకోవాలనుకున్నారో చెప్పనేలేదు."

టీచరుగారు సిగ్గుపడుతూ కళ్ళజోడు సర్దుకున్నారు. "అది పెద్ద కథమ్మా" అన్నారు.

"చెప్పండి, వింటాను. చెబుతూనే తాళం తిప్పండి."

ఇంజను అందుకుంది. టీచరుగారు చెప్పడం మొదలుపెట్టారు.